పిల్లల టీము దగ్గరే కోచ్ తయారవుతాడు

(పర్లాకిమిడిలో వేసవి క్యాంపు ఆఖరి రోజు సాయంత్రం, ఆర్మీలో ఫిజికల్ ట్రైనింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినోళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏదీ తీయలేదు.)

నమస్కారం అండి అందరికీ. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ పట్టాలు పరిచారు కదా, కూర్చోండి. పిల్లలు ముందు వరసలోకి. గుణుపురం నుంచి వచ్చినోళ్ళు ట్రైను టైమైతే మధ్యలో లేచి వెళ్ళిపోండి, నేనేమీ అనుకోను. పాతపట్నం వాళ్ళకి ఆ బాధ లేదు, పక్కనే కదా.

నన్ను ఏం మాట్లాడమన్నారంటే, ఆట ఆడ్డం ఆగిపోయాక మనిషి ఏం చెయ్యాలి అని. ఈ ప్రశ్న పిల్లలది కాదు, పిల్లల వెనకాల కూర్చున్న మీది. ఇక్కడ నాకు ముప్పై దాటిన మొహాలు చాలా కనబడుతున్నాయి. జిల్లాకి ఆడినోళ్ళున్నారు, యూనివర్సిటీకి ఆడినోళ్ళున్నారు, స్పోర్ట్స్ కోటాలో రైల్వేకి, ఆర్మీకి వెళ్ళి వచ్చినోళ్ళున్నారు. మీ చేతుల్లో విద్య ఉంది. అది ఇప్పుడు ఎవరి దగ్గరకి వెళ్తోంది? ఎవరైనా చెప్పండి, ఎవరి దగ్గరకి వెళ్తోంది? ఇదీ నేను అడగడానికి వచ్చింది.

హాకీ అంటే మన ఒడిశాలో అందరికీ సుందర్‌గఢ్ గుర్తొస్తుంది. వెదురు కర్రతో మొదలెట్టిన పిల్లలు, గెలిచిన టీముకి మేకపోతుని ఇచ్చే ఊరి టోర్నమెంట్లు, ఆ జిల్లా నుంచే వచ్చి 400కి పైగా ఇంటర్నేషనల్ మ్యాచ్‌లు ఆడిన దిలీప్ టిర్కీ, తర్వాత ఆయనే హాకీ ఇండియాకి ప్రెసిడెంట్ అవ్వడం. 2018 నుంచి దేశం టీములకి స్పాన్సర్ మన రాష్ట్ర ప్రభుత్వమే, వరల్డ్ కప్ 2018లోనూ ఇక్కడే, 2023లోనూ ఇక్కడే. ఇవన్నీ మీకు తెలిసినవే, నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నేనిప్పుడు చెప్పబోయేది ఇంకో హాకీ గురించి, మంచు గడ్డ మీద ఆడేది, ఐస్ హాకీ. ఎందుకంటే ఆటగాడు కోచ్‌గా మారడం అంటే ఏటో నాకు బాగా అర్థమైంది ఆ ఆటలోని ఒక మనిషి వల్ల.

నాకు ఆ ఆట ఎలా తెలుసంటే లేహ్‌లో పోస్టింగ్ పడింది. వంశధార ఒడ్డున పుట్టినోణ్ణి, నీళ్ళు గడ్డకట్టడం నేనెప్పుడు చూశాను? అక్కడ డిసెంబరు చివరికొచ్చేసరికి చెరువులు గట్టిపడిపోతాయి, ఫిబ్రవరి దాకా అలాగే ఉంటాయి, మన జవాన్లు, అక్కడి కుర్రాళ్ళు, అమ్మాయిలు కూడా స్కేట్స్ కట్టుకుని దిగిపోతారు. పదకొండు వేల అయిదొందల అడుగుల ఎత్తు అది, మామూలుగా నడిస్తేనే ఆయాసం వస్తుంది, వాళ్ళు మంచు మీద పరిగెడతారు. మన దేశం అమ్మాయిల ఐస్ హాకీ టీము చాలావరకు ఆ లడఖ్ పిల్లలే. 2016లో మొదటిసారి తైపీ వెళ్ళి ఆడారు, అన్నీ ఓడిపోయారు. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద 4-3తో మొదటి గెలుపు. 2025లో అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం. తొమ్మిదేళ్ళు అమ్మా, సున్నా నుంచి పతకం దాకా తొమ్మిదేళ్ళు. ఇంకో మాట వినండి, ఆ టీములో ఆడిన అమ్మాయిల్లో కొందరు శీతాకాలం వస్తే లడఖ్ ఊళ్ళకి వెళ్ళి చిన్నపిల్లలకి స్కేటింగ్ నేర్పుతారు. వాళ్ళింకా ఆడుతూనే ఉన్నారు, ఆడుతూనే నేర్పుతున్నారు. రిటైర్ అయ్యాక చూద్దాంలే అనుకోలేదు.

సరే, ఆట ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెప్తాను, తెలియకపోతే తర్వాత కథ అందదు. మంచు మైదానం 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు, చుట్టూ చెక్క గోడలా ఉంటుంది. బంతి ఉండదు, గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది, పక్ అంటారు, 170 గ్రాములు. ఒక్కో వైపు ఆరుగురు, అందులో ఒకడు గోలీ, అంటే గోల్‌కీపర్. 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. ఇక్కడో పెద్ద సంగతుంది, జాగ్రత్తగా వినండి. ఒక ఆటగాడు మంచు మీద ఒకసారికి ముప్పావు నిమిషం ఉంటాడు, అంతే. ఒంట్లో ఉన్నదంతా పెట్టేసి బెంచీ మీదకి వచ్చేస్తాడు, ఇంకొకడు దూకుతాడు. ఆట ఆగదు, ఆట నడుస్తుండగానే మనుషులు మారిపోతారు. మ్యాచ్‌కి ఇరవై మంది డ్రెస్ అవుతారు, ఇద్దరు గోలీలు, పద్దెనిమిది మంది మిగతావాళ్ళు. ఎవడు ఎప్పుడు దూకాలి, అవతల వాళ్ళ మంచి ఆటగాడు దిగినప్పుడు మనవైపు నుంచి ఎవణ్ణి దించాలి, ఇదంతా బెంచీ వెనకాల నిలబడ్డ కోచ్ లెక్క. ఆట ఆగినప్పుడు ఆఖరుగా మనుషుల్ని మార్చుకునే హక్కు సొంత ఊరి టీముకి ఉంటుంది, ఆ ఒక్క హక్కుతో కోచ్‌లు మ్యాచ్‌లు గెలిపిస్తారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆటగాడిగా ఉన్నన్నాళ్ళూ నీకు కావలసింది నీ ముప్పావు నిమిషం. కోచ్ అయిన రోజు నుంచి నీకు కావలసింది పద్దెనిమిది మంది ముప్పావు నిమిషాలు. రెండూ ఒక పనేనా? కాదు కదా. ఒకటి బాగా వస్తే రెండోది దానంతట అదే వస్తుందా? రాదు. మనవాళ్ళు ఏమనుకుంటారంటే, ఫలానావాడు స్టేట్‌కి ఆడాడు కదా, వాడి చేతిలో పిల్లల్ని పెట్టేస్తే చాలు అని. చాలదు.

నేను చెప్తానన్న మనిషి పేరు మార్టిన్ సెయింట్ లూయీ. కెనడాలో క్విబెక్ అనే రాష్ట్రం, అక్కడ లావాల్ అనే ఊరు, 1975లో పుట్టాడు. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. మనకి అది పొట్టి కాదు, కానీ ఆ ఆటలో ఆరడుగులు దాటినోళ్ళు, వంద కిలోలున్నోళ్ళు వచ్చి గోడకేసి గుద్దుతారు, గుద్దడం ఆ ఆటలో తప్పు కాదు. అక్కడ పెద్ద లీగు ఎన్‌హెచ్‌ఎల్. ఏటా డ్రాఫ్ట్ అని ఒకటి పెడతారు, టీములన్నీ వరసగా కుర్రాళ్ళని ఎంచుకుంటాయి. ఇతన్ని ఎవరూ ఎంచుకోలేదు. ఒక్క టీము కూడా. అమెరికాలో వెర్మాంట్ యూనివర్సిటీకి నాలుగేళ్ళు ఆడాడు, బ్రహ్మాండంగా ఆడాడు, అయినా పొట్టివాడు అన్నారు. కింది లీగుల్లో ఆడుకుంటూ ఆడుకుంటూ కాల్గరీ టీములోకి వచ్చాడు, అక్కడ రెండు సీజన్లలో కలిపి 69 మ్యాచ్‌లు, నాలుగే గోల్స్. 2000లో కాల్గరీ వదిలేసింది. అప్పటికి పాతికేళ్ళు. మన దగ్గరైతే పాతికేళ్ళకి ఇంట్లో ఏమంటారు? ఆటలు చాలు, ఏదైనా పని చూసుకో అంటారు. అంటారా అనరా?

టాంపా అనే ఊరి టీము తీసుకుంది, అమెరికాలో ఫ్లోరిడాలో, మన తీరం లాంటి వేడి ఊరు, అక్కడ కూడా ఐస్ హాకీ టీముంది. అక్కడ నాలుగేళ్ళు తిరిగేసరికి ఏమయిందో చూడండి. 2003-04 సీజన్‌లో 94 పాయింట్లు, అంటే గోల్స్, గోల్స్‌కి అందించిన పాసులు కలిపి, లీగు మొత్తంలో అందరికంటే ఎక్కువ. ఉత్తమ ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కూడా ఇతనికే. అదే ఏడు ఆ లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్లో అవతల టీము ఎవరో తెలుసా? కాల్గరీ. వదిలేసిన కాల్గరీయే. ఆరో మ్యాచ్ కాల్గరీ సొంత మైదానంలో, టాంపా ఓడితే కప్పు కాల్గరీ ఎగరేసుకుపోతుంది. మ్యాచ్ సమానమైంది, ఎక్స్‌ట్రా టైము అయింది, రెండో ఎక్స్‌ట్రా టైము మొదలైంది, అది మొదలైన అర నిమిషానికి గోల్ కొట్టింది సెయింట్ లూయీ. ఏడో మ్యాచ్ కూడా గెలిచి కప్పు టాంపాకి. బాబూ, చిన్నవాడివని నిన్ను ఎవరైనా లైన్లోంచి పక్కకి తీసినప్పుడు ఈ కథ గుర్తు పెట్టుకో.

కానీ నేను ఈ మనిషి గురించి చెప్తున్నది ఆ గోల్ కోసం కాదు. అతను అలా ఎలా ఆడగలిగాడు అన్నది నాకు కావాలి. పెద్ద ఒళ్ళున్నవాడు ఒంటితో నెట్టుకుంటూ వెళ్ళిపోతాడు. పొట్టివాడు ఆ పని చేస్తే విరుగుతాడు. పొట్టివాడు ముందే చూడాలి, పక్ ఎక్కడికి రాబోతుందో, అవతలవాడు ఏ కాలి మీద బరువేశాడో, ఖాళీ ఎక్కడ పుడుతుందో. పక్ తన దగ్గర లేనప్పుడు తను ఎక్కడుండాలి అన్నది రోజూ లెక్క వెయ్యాలి. పదహారు సీజన్లు ఆ లెక్క వేశాడు. 37 ఏళ్ళ వయసులో, 2013లో, మళ్ళీ లీగులో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నాడు, దానికిచ్చే ఆర్ట్ రాస్ ట్రోఫీని అంత వయసులో తీసుకున్నవాడు అంతకుముందు లేడు. 37 ఏళ్ళకి కాళ్ళలో స్పీడు పెరుగుతుందా? పెరగదు. చూపు పెరిగింది.

2014 సంగతి ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను, ఇది చెప్పకుండా ఉండలేను. ఆ ఏడు మార్చిలో అతను న్యూయార్క్ టీముకి మారాడు. మే నెలలో ప్లేఆఫ్స్, అంటే కప్పు కోసం ఆడే నాకౌట్ సిరీస్‌లు, వాటి మధ్యలో వాళ్ళమ్మ హఠాత్తుగా చనిపోయింది. టీము అప్పటికి సిరీస్‌లో 3-1తో వెనకబడి ఉంది, ఇంకొక్కటి ఓడితే ఇంటికే. మర్నాడు వచ్చి ఆడాడు. ఆ తర్వాత మ్యాచ్ మదర్స్ డే నాడు పడింది, మొదటి గోల్ అతనే కొట్టాడు. టీము ఆ సిరీస్ గెలిచి, అలా అలా ఫైనల్ దాకా వెళ్ళింది. ఇక్కడ అమ్మలు చాలామంది ఉన్నారు, మీ పిల్లాడు గ్రౌండులో ఆడుతున్నప్పుడు ఎవరి కోసం ఆడతాడో మీకు తెలియాలి అని చెప్పాను.

2015లో రిటైర్. 1,134 మ్యాచ్‌లు, 391 గోల్స్, మొత్తం 1,033 పాయింట్లు. 2018లో హాల్ ఆఫ్ ఫేమ్, అంటే ఆ ఆటలో గొప్పవాళ్ళ జాబితాలో చోటు.

ఇక్కడ ఆపుతాను. నీళ్ళు ఎవరికైనా కావాలంటే తాగండి, పిల్లలకి ముందు ఇవ్వండి.

ఇప్పుడు నా అసలు మాట. రిటైరయ్యాక ఆ మనిషి ఏం చేశాడు? టీవీలో కూర్చుని మాట్లాడొచ్చు. ఏదో పెద్ద టీముకి కోచ్‌గా వెళ్ళొచ్చు. ఇతను కనెటికట్ అనే రాష్ట్రంలో ఇల్లు పెట్టుకుని తన కొడుకులు ఆడే పిల్లల టీములకి కోచింగ్ ఇచ్చాడు. మధ్యలో కొన్నాళ్ళు కొలంబస్ అనే ఎన్‌హెచ్‌ఎల్ టీముకి సలహాదారుగా ఉన్నాడు, అది తప్ప మిగతాదంతా పిల్లలే. హాల్ ఆఫ్ ఫేమ్ మనిషండి. మన దగ్గర స్టేట్‌కి ఒకసారి ఆడినోణ్ణి అయిదో తరగతి పిల్లలకి నేర్పమంటే ఏమంటాడు? సీనియర్లు ఉంటే చెప్పండి వస్తాను, పిల్లలకి పీఈటీ ఉన్నాడు కదా అంటాడు. నేను ఎవరినీ ఎత్తిచూపట్లేదు, కానీ ఈ మాట మీరూ విన్నారు, నేనూ విన్నాను.

2022 ఫిబ్రవరి 9న మాంట్రియల్ టీము ఇతన్ని పిలిచి హెడ్ కోచ్‌గా పెట్టింది. మాంట్రియల్ అంటే ఆ లీగులో అందరికంటే ఎక్కువ కప్పులున్న టీము, 24 స్టాన్లీ కప్పులు. కానీ ఆ రోజుకి దాని పరిస్థితి ఏటంటే, 8 గెలుపులు, 30 ఓటములు, ఎక్స్‌ట్రా టైములో పోయినవి ఇంకో 7. లీగులో అట్టడుగు. పెద్దల టీముకి ఒక్కరోజు కూడా హెడ్ కోచ్‌గా చెయ్యని మనిషిని తెచ్చి అలాంటి టీము మీద పెట్టారు. ఇదేం పని అన్నారు చాలామంది.

ఆ టీములో కోల్ కాఫీల్డ్ అని ఒక కుర్రాడున్నాడు. 21 ఏళ్ళు. పొట్టివాడు, సెయింట్ లూయీ కంటే ఎక్కువేం లేడు. కాలేజీ ఆటలో అమెరికా మొత్తానికి ఉత్తముడని అవార్డు తెచ్చుకుని వచ్చాడు, గోల్స్ కొడతాడని అందరూ చూస్తున్నారు. ఆ సీజన్‌లో కోచ్ మారేదాకా 30 మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కొట్టాడు. ఒక్కటి. మధ్యలో కింది టీముకి కూడా పంపారు. సెయింట్ లూయీ వచ్చాక అదే కుర్రాడు, అదే కర్ర, అదే సీజన్, 37 మ్యాచ్‌ల్లో 22 గోల్స్.

ఏమయింది మధ్యలో? కోచ్ మారగానే కుర్రాడికి కొత్తగా చేతులొచ్చాయా? నేనిది చాలా ఆలోచించాను. నాకు అర్థమైంది ఇది. పెద్దల కోచ్ అయినవాడికి ఒక అలవాటుంటుంది, ఇదిగో సిస్టమ్, ఈ గడిలో నువ్వుండు, ఆ గడిలో వాడుంటాడు, తప్పావా బెంచీ. ఇతను సిస్టమ్ అన్నమాట కంటే ఆట ఎందుకలా నడుస్తుంది అన్నదాని గురించి ఎక్కువ మాట్లాడతాడు. ఖాళీ ఎక్కడ పుట్టింది, నువ్వు అక్కడికి ఎప్పుడు రావాలి, ముందొస్తే ఏమవుతుంది, ఆలస్యమైతే ఏమవుతుంది. పిల్లలకి నేర్పినవాడికే ఈ భాష వస్తుంది. ఎందుకంటే పెద్దోడికి ఆ గడిలో నిలబడు అంటే నిలబడతాడు, పదేళ్ళ పిల్లాడు నిలబడడు, ఎందుకు అని అడుగుతాడు. అడగకపోయినా మొహం చూస్తే తెలిసిపోతుంది వాడికి ఎక్కలేదని. అప్పుడు ఇంకోలా చెప్పాలి. అదీ ఎక్కకపోతే ఇంకోలా. ఏళ్ళ తరబడి రోజూ ఇంకోలా చెప్పడం నేర్చుకుని వచ్చిన మనిషతను. తను చిన్నప్పటి నుంచీ లెక్క వేసుకుంటూ ఆడాడు కాబట్టి చెప్పడానికి లోపల సరుకుంది, పిల్లల దగ్గర ఉన్నాడు కాబట్టి చెప్పే దారి దొరికింది. రెండూ కావాలి.

టీము ఒక్కరోజులో మారిపోలేదు, ఆ ఏడు ఆఖరి స్థానమే. తర్వాత రెండేళ్ళు కూడా ప్లేఆఫ్స్ లేవు. 2024-25లో లీగు పట్టికలో టీముకి 91 పాయింట్లొచ్చి ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు, మొదటి రౌండులో వాషింగ్టన్ చేతిలో ఓడిపోయారు. ఆ ఏడు కాఫీల్డ్ 37 గోల్స్. అదే టీములో లేన్ హట్సన్ అని ఇంకో చిన్న ఒళ్ళు కుర్రాడు, డిఫెన్స్, కొత్తగా వచ్చినోళ్ళలో ఉత్తముడికిచ్చే కాల్డర్ ట్రోఫీ తీసుకున్నాడు. చిన్నవాళ్ళు ఆ కోచ్ దగ్గర ఎదుగుతున్నారు. ఊరికే జరిగిందని నేను అనుకోను.

మరి గొప్ప ఆటగాడైతే చాలదా అంటారా? వేన్ గ్రెట్‌జ్కీ పేరు కొందరు విని ఉంటారు. ఐస్ హాకీలో ఆయన్ని మించినవాడు లేడంటారు, 2,857 పాయింట్లు, ఆయన గోల్స్ అన్నీ తీసి పక్కన పెట్టినా పాసులతో వచ్చిన పాయింట్లే మిగతా ఎవరి మొత్తం పాయింట్ల కంటే ఎక్కువ. 2005 నుంచి నాలుగు సీజన్లు ఫీనిక్స్ టీముకి హెడ్ కోచ్‌గా చేశాడు. 143 గెలుపులు, 161 ఓటములు, ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ లేదు. న్యాయంగా చెప్పాలంటే ఆ టీముకి డబ్బు ఇబ్బందులుండేవి, 2009లో దివాలా దాకా వెళ్ళింది, అంతా ఆయన మీద వెయ్యకూడదు. కానీ నాకు అనిపించేది ఏటంటే, పుట్టుకతో గొంతున్న అమ్మ దగ్గరకెళ్ళి ఆ సంగతి ఎలా పలికావమ్మా అంటే ఇలాగే కదా అని మళ్ళీ పాడి వినిపిస్తుంది, నీకు అర్థం కాదు. కష్టపడి పలికినావిడ అయితే ఎక్కడ ఊపిరి పట్టాలో చెప్తుంది.

ఇంకో వైపు స్కాటీ బౌమన్. జూనియర్‌గా ఉన్నప్పుడే 1952లో మ్యాచ్‌లో తలకి కర్ర దెబ్బ తగిలి ఆట అక్కడితో పోయింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కోచ్‌గా తొమ్మిది స్టాన్లీ కప్పులు, అన్ని ఇంకెవరికీ లేవు. ఇందులో నాకు బాగా ఇష్టమైన సంగతి వేరే ఉంది. ఆ దెబ్బ కొట్టిన కుర్రాడు జాన్ గీ టాల్బో, తర్వాత ఏళ్ళకి సెయింట్ లూయిస్ బ్లూస్ అనే టీములో ఈ బౌమన్ కింద ఆడాడు. బౌమన్ ఆడించాడు. మనసులో పెట్టుకోలేదు. కోచ్ అన్నవాడికి ఇది ఎంత కావాలో మీరే ఆలోచించండి, ఊళ్ళో ఎవరితోనో గొడవ ఉంటుంది, వాళ్ళ పిల్లాడు మన దగ్గరకి ఆడ్డానికొస్తాడు, ఏం చేస్తాం అప్పుడు?

రాడ్ బ్రిండమోర్ దారి ఇంకోలా ఉంది. 2006లో కెప్టెన్‌గా కారొలైనాకి కప్పు తెచ్చాడు, 2010లో రిటైర్, 2011 నుంచి అదే టీములో అసిస్టెంట్ కోచ్. ఏడేళ్ళు అసిస్టెంటే. కెప్టెన్‌గా కప్పెత్తిన మనిషి ఏడేళ్ళు రెండో వరసలో నిలబడ్డాడు. 2018లో హెడ్ కోచ్ అయ్యాడు, 2019 నుంచి 2025 దాకా ప్రతి ఏడూ ప్లేఆఫ్స్. పిల్లల దగ్గరైనా ఉండాలి, ఒకళ్ళ కింద అసిస్టెంట్‌గానైనా ఉండాలి, నేరుగా దూకితే కష్టం.

మన దేశంలో ఉదాహరణ లేదా అంటే ఉంది, మన హాకీలోనే ఉంది. గోల్‌కీపర్ శ్రీజేష్. టోక్యోలో కాంస్యం, 2024లో పారిస్‌లో మళ్ళీ కాంస్యం, అక్కడితో ఆట ఆపేశాడు. ఆపిన వెంటనే తీసుకున్న పని ఏటి? జూనియర్ టీము కోచ్. ఆ ఏడాదే మస్కట్‌లో జూనియర్ ఆసియా కప్ గెలిపించాడు. జూనియర్లండి, జూనియర్లు. చూశారా ఎక్కడ మొదలెట్టాడో.

ఇప్పుడు మన దగ్గరకి వద్దాం, మన సరిహద్దు దగ్గరకి.

మాంట్రియల్ గురించి చెప్పాను కదా, ఆ ఊళ్ళో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళే ఎక్కువ, ఇంగ్లీషూ ఉంటుంది. 2011 డిసెంబరులో ఆ టీముకి ఫ్రెంచి రాని కోచ్‌ని తాత్కాలికంగా పెడితే జనం ఊరుకోలేదు, స్టేడియం బయటకొచ్చి నిరసన చేశారు. తర్వాతి సీజన్‌కి ఫ్రెంచి వచ్చినాయన్ని పెట్టుకున్నారు. సెయింట్ లూయీది ఆ పక్క ఊరే, రెండు భాషలూ సొంతం. అది చదివినప్పుడు నాకు మన పర్లాకిమిడి గుర్తొచ్చింది. ఈ క్యాంపుకి వచ్చిన పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు, స్కూల్లో ఒడియా. గుమ్మా వైపు నుంచి వచ్చిన పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు. సవర పిల్లాడు ఎంత గట్టివాడో నాకు తెలుసు, కొండెక్కి దిగే కాళ్ళు, ఊపిరి ఉంటుంది. కానీ వాడి దగ్గరకెళ్ళి హిందీలోనో ఇంగ్లీషులోనో మోకాలు వంచు, ఎడమకి జరుగు అని అరిస్తే వాడు భయపడి నిలబడిపోతాడు, వాడికి ఆట రాదని మనం రాసేస్తాం. ఆట రాక కాదు, మాట ఎక్కక. భువనేశ్వర్ నుంచి వచ్చే కోచ్‌కి సవర రాదు, విశాఖపట్నం నుంచి వచ్చే కోచ్‌కీ రాదు. మీకొచ్చు. ఇక్కడ కూర్చున్న మీలో మూడు భాషలు వచ్చినవాళ్ళు బోలెడుమంది. బజార్లో బేరం ఆడటానికి వాడుకునే ఆ మూడు భాషలు గ్రౌండులో ఎందుకు పనికిరావు? ఈ ప్రాంతం పిల్లలకి మీకంటే మంచి కోచ్ బయట నుంచి రాడు. నేను మొహమాటానికి చెప్పట్లేదు, నమ్మి చెప్తున్నాను.

ఆర్మీలో మమ్మల్ని ఉస్తాద్ అంటారు. కొత్తగా వచ్చిన రంగ్‌రూట్‌కి తాడు ఎక్కడం రాదు, ఊగిపోతాడు, చేతులు కొట్టుకుపోతాయి. మంచి ఉస్తాద్ కింద నిలబడి అరవడు, పాదం దగ్గరకెళ్ళి తాడు ఎలా బిగించాలో చేత్తో పెట్టి చూపిస్తాడు. నేను చూసిన వాళ్ళలో మంచి ఉస్తాద్‌లు అందరూ రికార్డులున్నోళ్ళు కాదు. తమకి ఒకప్పుడు తాడు రాని సంగతి మరిచిపోనివాళ్ళు.

ఇక పని విషయం. చదువుకోవాలి. కోచింగ్ కూడా చదువే. పాటియాలాలో నేతాజీ సుభాష్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్ ఉంది, 1961 నుంచి ఉంది, ఎన్ఐఎస్ అంటారు. అక్కడ ఏడాది డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. ఉద్యోగం, వ్యవసాయం ఉన్నవాళ్ళకి ఆరు వారాలది వీలవుతుంది. అర్హతలు, తేదీలు ఏటా చూసుకోవాలి, ఫారం నింపడం నేను దగ్గరుండి చేయిస్తాను. కోర్సుకి వెళ్ళేదాకా ఖాళీగా ఉండక్కర్లేదు. రేపట్నుంచి క్యాంపు లేదు కాబట్టి పిల్లలు మళ్ళీ చెల్లాచెదురవుతారు. స్కూళ్ళు తెరిచేదాకా సాయంత్రం అయిదింటికి ఈ గ్రౌండులోనే నేనుంటాను. పన్నెండేళ్ళ లోపు పిల్లలు నా దగ్గరకి. పాత ఆటగాళ్ళు వారంలో రెండు రోజులు రండి, ఒక్కొక్కళ్ళకి ఎనిమిదిమంది పిల్లలకి మించి ఇవ్వను. వాలీబాల్ వాళ్ళు వాలీబాల్, కబడ్డీ వాళ్ళు కబడ్డీ, హాకీ కర్రలు మూడో నాలుగో ఉన్నాయి, మిగతావి చూద్దాం. కాశీనగరం వాళ్ళు ఇంత దూరం రాలేరు, అక్కడే ఎవరైనా ఇద్దరు ముందుకొస్తే వారానికోసారి నేనే వస్తాను.

పేర్లు రాసుకోడానికి ఇక్కడ పుస్తకం పెట్టాం. పేరు, ఫోన్ నంబరు, ఏ ఆట, దాని పక్కన ఏ ఏ భాషలొచ్చో కూడా రాయండి, అది మర్చిపోకండి, దాన్ని బట్టే పిల్లల్ని పంచుతాను. అమ్మా, మీరు చెయ్యెత్తారు, అడగండి... ఆడవాళ్ళు రావచ్చా అని అడుగుతున్నారు. రావాలమ్మా. ఆడపిల్లలు పదిహేనుమంది ఉన్నారు క్యాంపులో, వాళ్ళకి నేర్పడానికి ఒక్క ఆడ మనిషి లేదు. మీరేం ఆడేవారు? ఖోఖో? అయితే మొదటి పేరు మీదే రాయండి.